కత్తి వెన్నున లేచిన పెచ్చు

నూజివీడు,
18-9-1960.

వదినగారికి పుష్పావతి నమస్కారాలు.

మేమంతా క్షేమం అని రాయడం మర్యాద గనక రాశాను. మీ తమ్ముడు క్షేమం, మామిడి వ్యాపారం క్షేమం, గేదె కూడా క్షేమం. నా కుడికన్ను మాత్రం కాదు.

జూన్‌లో కత్తి గొడవ అయ్యాక మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. అత్తయ్యగారి ఆవకాయ కత్తి ఎప్పటిలాగే మీ దగ్గర్నుంచి తెప్పించుకుని, పని అయ్యాక తిరిగి పంపాం. దాని వెన్ను మీద పెచ్చు లేచిపోయిందనీ, కొయ్యసుత్తితో కాకుండా ఇనుముతో కొట్టి ఉంటామనీ మీరు రాశారు. కార్డు మీద రాశారు వదినా, పోస్టుమాను మొదలుకుని వీధి వీధంతా చదువుకునేలా. మీ తమ్ముడికి రోషం వచ్చి, దీపం మీద చెయ్యి పెట్టి, "నా భార్య అలాంటి పని చెయ్యలేదు, కత్తి మా ఇంట్లో విరగలేదు" అని జవాబు రాశారు. ఆ మాట ఇక ఎత్తనన్నారు మీరు. నేనూ ఎత్తను.

నా గోడు వేరు. ఆ ఆవకాయ పెట్టిన రోజునే నా కంట్లో కారం పడింది. పనిమనిషి పున్నమ్మ పక్కనే కారం దంచుతోంది. "కారం పడిందమ్మా, నీళ్లు కొట్టుకోండి" అంది. కొట్టుకున్నాను. మంట వారంలో తగ్గింది. చూపు మాత్రం తిరిగి రాలేదు. నాలుగు నెలలైంది. ఆ కంటితో చూస్తే అన్నీ పలచని మజ్జిగలోంచి చూసినట్టున్నాయి. ఒక నల్ల చుక్క ఎటు చూస్తే అటు ఈదుతుంది.

కాంపౌండరు చుక్కలు వేశాడు. పెద్ద డాక్టరుకి చూపించమంటే కాయల సీజను అయ్యాక అన్నారు మీ తమ్ముడు. సీజను అయింది. ఇప్పుడు వానలు తగ్గాక అంటున్నారు. కన్ను ఏ సీజనుకీ ఆగదని ఆయనకి చెప్పేవాళ్లు మీరు తప్ప ఎవరూ లేరు.

మీ మరదలు,
పుష్పావతి.


చింతలపూడి,
30-9-1960.

చి. సౌ. పుష్పావతికి బసవమ్మ ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అందింది. ఆ రోజు ఇంట్లో కవరు లేక కార్డు మీద రాశాను. రాయకుండా ఉండాల్సింది. కాని అది మా అమ్మ కత్తి. లారీ కమాను పట్టా ఇనుముతో దగ్గరుండి చేయించుకుంది. మన రెండిళ్లలోనూ ఏడాదికి మొదటి కాయ దానితో కొట్టాల్సిందే. అందుకని ఒళ్లు మండింది. అంతే.

నందివర్ధనం పూలు రాత్రి నీళ్లలో వేసి, పొద్దున ఆ నీళ్లతో కన్ను కడుగు. తలంటుకున్న రోజు ఎండలో తిరగకు. మావారు ఏలూరులో ఎవరో కళ్ల డాక్టరున్నాడంటున్నారు, కనుక్కుంటాం.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ముప్ఫై ఏళ్లుగా ఆవకాయ కలుపుతున్నాను. కారం నా కంట్లోనూ పడింది, పిల్లల కళ్లలోనూ పడింది. రెండు రోజులు ఏడిపించి పోతుంది. నాలుగు నెలలు ఉండదే. ఆ రోజు ఇంకేమైనా తగిలిందా?

ఆశీస్సులతో,
బసవమ్మ.


నూజివీడు,
12-1-1961.

వదినగారికి నమస్కారాలు.

ఏమీ తగల్లేదు. ఇంకేమైనా తగిలిందా అని ఎందుకు అడిగారో నాకు అర్థం కాలేదనుకోకండి. కత్తి మాట ఎత్తనంటూనే కత్తి చుట్టూ తిరుగుతున్నారు. కారం పడింది. ఎన్నిసార్లడిగినా కారమే.

సంక్రాంతి పనులు మొదలుకాక ముందే, మొన్న సోమవారం, బెజవాడ వెళ్లివచ్చాం. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, పడుతూ లేస్తూ డాక్టరు ఇంటికి చేరేసరికి మా ముందు నలభైమంది ఉన్నారు. నన్ను బల్లమీద కూర్చోబెట్టి, మంచి కన్ను మూసి, ఎదురుగా గోడమీదున్న అక్షరాలు చదవమన్నాడు. పై అక్షరం చదివాను. రెండో వరస చదవమన్నాడు. "ఎక్కడండీ రెండో వరస? గోడ కనిపిస్తోంది" అన్నాను. మీ తమ్ముడు పక్కన దగ్గారు.

"ఎలా తగిలింది?" అన్నాడు డాక్టరు.

"కారం పడిందండి."

"కారమైతే ఇన్నాళ్లుండదే! నల్లగుడ్డు అంచున చిన్న మచ్చ ఉంది, మానిపోయింది. చుక్కలు ఇస్తాను, అద్దాలు రాస్తాను."

"మానిపోతే ఎందుకు కనిపించట్లేదండీ?" అన్నాను.

"కొందరికి అలా ఉంటుందమ్మా."

ఇదీ జవాబు. దీనికోసం రెండు బస్సులెక్కి, ఎండలో అయిదు గంటలు కూర్చున్నాను. కొందరికి అలా ఉంటుందని మా గేదెల పాలేరు కూడా చెప్పగలడు. అద్దాలు వచ్చాయి. ఇంతకు ముందు మజ్జిగ కనిపించేది, ఇప్పుడు ఫ్రేము కట్టిన మజ్జిగ కనిపిస్తోంది.

పుష్పావతి.


చింతలపూడి,
3-2-1961.

చి. సౌ. పుష్పావతికి,

కోపం తెచ్చుకోకన్నాను, తెచ్చుకున్నావు. సరే, ఇక అడగను. అద్దాలు పెట్టుకోవడం మానకు, అలవాటు కావాలిట. పెసరపప్పు, ఆకుకూరలు బాగా తిను.

మొన్న అటకమీద సామాన్లు సర్దుతుంటే ఆ కత్తి కనిపించింది. చూసి పక్కన పెట్టాను.

బసవమ్మ.


నూజివీడు,
8-8-1961.

వదినగారికి నమస్కారాలు.

చాలా రోజులు రాయలేదు. రాస్తే ఏడుపే రాయాలి, ఏడుపు రాయడం నాకే విసుగొచ్చింది.

ఆ కన్ను ఇంకా తగ్గింది. దీపాలు పెట్టేవేళకి ఆ పక్క ఏమీ తెలియడం లేదు. గుమ్మం అటువైపే ఉంటే భుజం కొట్టుకుంటున్నాను. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి భారతి రావాలి. ఆవిడ స్కూల్లో టీచరు, ఆవిడే మొన్న నా మొహంకేసి చూసి, "మీ కళ్లు రెండూ ఒక రంగు కావేమిటండీ?" అంది. అద్దంలో చూసుకున్నాను. నిజమే. కుడికంటి నల్లగుడ్డు ఎర్రమట్టి రంగు తిరిగింది. మధ్యలో కంటిపాప ఎండలో కూడా చిన్నదవడం లేదు, తెరిచిన నోరులా అలాగే ఉంటోంది. భయం వేసింది వదినా. ఇంతవరకు కోపమే ఉండేది, ఇప్పుడు భయం కూడా.

సీజన్లో రెడ్డిగూడెం నుంచి తోట బేరానికి లక్ష్మీనరసింహారావుగారు వచ్చారు. మజ్జిగ పోయబోయి గ్లాసులో కాకుండా ఆయన చేతిమీద పోశాను. "చల్లగా ఉందమ్మా" అన్నారు. మంచివారు. మీ తమ్ముడు మాత్రం ఆయన వెళ్లాక, "ఒంటికన్నుతో బతికేవాళ్లు లేరా, కాస్త చూసి చెయ్యకూడదూ?" అన్నారు. దేనితో చూసి చెయ్యనూ?

మీరు చెప్పిన ఏలూరు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాం. ఆయన కంట్లోకి చూసిన దానికన్నా గడియారంలోకి చూసిందే ఎక్కువ. "ఏమైందమ్మా?" అన్నాడు. కారం పడిందన్నాను. "నరాల బలహీనత, ఆడవాళ్లకి మామూలే, మనసులో ఏమీ పెట్టుకోకండి, పాలు తాగండి" అన్నాడు. రంగు ఎందుకు మారిందంటే, "వయసు" అన్నాడు. నాకు ముప్ఫైనాలుగు. వయసు ఒక కంటికే వస్తుందా వదినా?

ఎవరూ చెప్పడం లేదు. చెప్పలేకపోతే తెలియదని అనొచ్చు కదా. ఆ మాట ఒక్కడూ అనడు.

పుష్పావతి.


చింతలపూడి,
21-8-1961.

చి. సౌ. పుష్పావతికి,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించాను. ఇది మూడోది.

నిన్ను మద్రాసు తీసుకెళ్లమని తమ్ముడికి వేరే రాశాను. వాడికి ఏ భాషలో రాశానో నువ్వు చదవక్కర్లేదు. అక్కడ పెద్ద కంటి ఆసుపత్రి ఉంది. ఎంత ఆలస్యమైనా కాయలు రాకముందే వెళ్లండి. నీ కంటికంటే రసాలు ఎక్కువ కావు.

డాక్టర్లు ఏది అడిగితే అది చెప్పు. పూర్తిగా చెప్పు. నేను చెప్పేది అంతే.

బసవమ్మ.


మద్రాసు, సత్రం నుంచి,
20-2-1962.

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం దెబ్బకి మీ తమ్ముడు కదిలారు, ఆరు నెలలు పట్టిందనుకోండి. ఎలాగైతేనేం వచ్చాం, చూపించుకున్నాం, రేపు వచ్చేస్తున్నాం. ఒళ్లంతా మంటగా ఉంది, అందుకే సత్రం అరుగుమీద కూర్చుని రాస్తున్నాను.

ఈ డాక్టరు ముసలాయన, అరవం కలిసిన తెలుగు. చీకటిగదిలో కూర్చోబెట్టి, ఏదో గాజు పెట్టి, నా కంట్లోకి అరగంట చూశాడు. ఇన్నాళ్లలో నా కంట్లోకి ఇంతసేపు చూసినవాడు లేడు. నాకు ఆశ పుట్టింది. దీపం వేసి, ఎదురుగా కూర్చుని అడిగాడు.

"అమ్మా, కంట్లో ఎప్పుడైనా ఇనుము తగిలిందా?"

మీ తమ్ముడు నా పక్కనే ఉన్నారు. లేదన్నాను.

"సుత్తి, మేకు, కత్తి? పక్కనెవరైనా కొడుతుండగా?"

"లేదండి. కారం."

"కారం ఈ రంగు తేదమ్మా. ఇది తుప్పు రంగు. లోపల ఇనుము ఉంటేనే ఇలా అవుతుంది. ఎక్స్‌రే తీస్తాను."

ఇనుమే తగలనప్పుడు ఎక్స్‌రే ఎందుకని మీ తమ్ముడన్నారు. నేను తలూపాను. డాక్టరు నావైపు తిరిగాడు. "ఇంటికెళ్లి బాగా గుర్తు తెచ్చుకోండి. గుర్తొస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా రండి. అది లోపల ఉన్న ప్రతిరోజూ కన్ను పోతూనే ఉంటుంది" అన్నాడు.

ఇంతదూరం వస్తే ఈయన కూడా నన్నే గుర్తు తెచ్చుకోమంటాడేమిటి? చదువుకున్నది ఆయనా, నేనా? అందరూ నా నోట్లోంచే జవాబు రావాలంటారు. నాకు తెలిస్తే వీళ్ల గుమ్మాలు ఎందుకు ఎక్కుతాను?

పుష్పావతి.


చింతలపూడి,
27-2-1962.

పుష్పా,

ఇది కవరులో పెట్టి, అంటించి, నేనే పోస్టాఫీసుకి వెళ్లి వేస్తున్నాను. తమ్ముడు లేనప్పుడు చదువు.

రెండేళ్ల కిందట నువ్వు కత్తి తిరిగి పంపగానే నేను దాన్ని కమ్మరి జోజిబాబు దగ్గరికి తీసుకెళ్లాను. పెచ్చు లేచినచోట వేలు పెట్టి చూసి అతను అన్నమాట ఇది: "ఇనుము మీద ఇనుము పడితేనే ఇలా లేస్తుందమ్మా. లేచిన ముక్క తుపాకీ గుండులా వెళుతుంది. కొట్టినోళ్లకి ఎక్కడా తగల్లేదు గదా?"

ఆ మాట విని ఇంటికొచ్చాను పుష్పా. వచ్చి నీకు కార్డు రాశాను. కత్తి గురించి రాశాను. నీకేమైనా తగిలిందా అని ఒక్క ముక్క రాయలేదు.

సెప్టెంబరులో నీ కంటి సంగతి చదవగానే నాకు జోజిబాబు మాట గుర్తొచ్చింది. గుర్తురాలేదని అబద్ధం చెప్పను. ఇంకేమైనా తగిలిందా అని అడిగాను. నువ్వు కసిరావు. అప్పుడైనా కమ్మరి మాట రాయాల్సింది. రాస్తే నేను మళ్లీ కత్తి గొడవ తీశానంటావనీ, మళ్లీ దీపం మీద చేతులు పెడతారనీ ఊరుకున్నాను. మర్యాద అనుకున్నాను. అది మర్యాద కాదు, నా పంతం. నీ కన్ను ఎర్రబడిందని రాసినరోజు అన్నం తినలేకపోయాను. అయినా మద్రాసు పొమ్మన్నానే తప్ప అసలు సంగతి చెప్పలేదు.

ఇనుముతో కొట్టావా లేదా అని నేను అడగను. నాకు చెప్పక్కర్లేదు. కత్తి ఎక్కడ విరిగితే నాకేం. ఆ ముసలాయనకి చెప్పు. వెంటనే చెప్పు.

బసవమ్మ.


నూజివీడు,
9-3-1962.

వదినా,

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను.

కొట్టాను. ఆ ఏడు పెద్దరసం కాయ ముదిరిపోయింది, టెంక రాయి. కొయ్యసుత్తితో ఎంత కొట్టినా కత్తి దిగలేదు. ఇనుము తగలనివ్వకు, తగలనివ్వకు అని మీరు ప్రతి ఏడూ చెప్పి పంపేవారు. ఒక్క కాయకేగా అనుకుని రోకలి తిరగేసి, ఇనుప పొన్ను ఉన్న వైపుతో కత్తి వెన్ను మీద వేశాను. టక్‌మంది. కంట్లో సూది దిగినట్టయింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పున్నమ్మ కారం అంది. ఆ మాట నాకు దొరికింది, పట్టుకున్నాను. పొన్నుతో కొట్టానని మీకు తెలియకూడదని, అంతే వదినా, అంతకంటే పెద్ద కారణం లేదు. తరవాత మీ కార్డు వచ్చింది. నేను నోరు తెరిచేలోగా మీ తమ్ముడు దీపం దగ్గర నిలబడ్డారు. ఆయన ప్రమాణం చేశాక నేను నిజం చెబితే ఆయన అబద్ధమాడినట్టు. ఇక ఆ కారమే చెప్పుకుంటూ వచ్చాను. చెప్పగా చెప్పగా కొన్నాళ్లకి నాకే నిజంగా కారమేమో అనిపించేది. మద్రాసులో ఆయన ఇనుమా అన్నప్పుడు మాత్రం ఆ రోకలే కళ్లముందు కనిపించింది.

నిన్న మీ తమ్ముడికి చెప్పాను. "నన్ను దీపం దగ్గర నిలబెట్టావు" అన్నారు. తరవాత, "కంట్లో ఇనుము పెట్టుకుని రెండేళ్లు నా అన్నం వండావా?" అన్నారు. పొద్దున్నే బండి వేళలు కనుక్కోవడానికి వెళ్లారు. కాయలు దిగే నెల దగ్గరకొస్తోందని ఒక్కమాట అనలేదు.

పుష్పావతి.


మద్రాసు ఆసుపత్రి,
2-4-1962.

వదినా,

ఎడమకన్నుతో రాస్తున్నాను, వరసలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

ఎక్స్‌రేలో కనిపించింది. నల్లటి బొమ్మలో తెల్లగా, నువ్వుగింజలో సగం. డాక్టరు మీ తమ్ముడికి చూపించి, "ఇదీ మీ కారం" అన్నాడు. మీ తమ్ముడు తలవంచుకున్నారు. పెద్ద అయస్కాంతం తెచ్చి, కంటి పక్కన చిన్న కోత పెట్టి దాన్ని బయటికి లాగారు. మత్తుమందు వేసినా వచ్చేటప్పుడు తెలిసింది.

కట్టు విప్పి, కంటి ముందు చెయ్యి ఊపి, ఎన్ని వేళ్లన్నాడు. చెయ్యి ఊగడం తెలుస్తోంది, వేళ్లు తెలియడం లేదు. ఇంకా పెరుగుతుందా అన్నాను. ఇనుము కంట్లో కొద్దికొద్దిగా కరిగి, ఆ తుప్పు లోపలి పొరలకి పట్టేసిందట. పోయింది రాదట, ఉన్నది నిలిస్తే చాలన్నాడు. ఇన్నాళ్లకి ఒక డాక్టరు తిన్నగా జవాబు చెప్పాడు. నేను కోరుకున్నది ఇదే కదా.

మొదటి నెలలోనే వచ్చి ఉంటే అన్నాను. "చాలామటుకు దక్కేదమ్మా" అన్నాడు.

రెండేళ్లు అందరినీ తిట్టాను వదినా. బెజవాడ ఆయన్ని తిట్టాను, గడియారం చూసుకున్న ఏలూరు ఆయన్ని తిట్టాను, మిమ్మల్నీ, మీ తమ్ముణ్ణీ తిట్టాను. వాళ్లలో ప్రతివాడూ మొట్టమొదట అడిగింది ఒక్కటే, ఏమైందమ్మా అని. ప్రతివాడికీ అబద్ధం చెప్పింది నేను. ఏలూరు ఆయన మీద కోపం మాత్రం ఇంకా పోలేదు, అది పోదు.

డాక్టరు ఆ ముక్కని చిన్న సీసాలో వేసి ఇచ్చాడు. దాన్ని ఇంట్లో పెట్టుకోలేను. ఇంతోటిదానికి మనం రెండేళ్లు పంతాలు పోయాం. మీ దగ్గరికే పంపుతున్నాను. మీరన్నదే నిజం, కత్తి మా ఇంట్లోనే విరిగింది. మీ కత్తిది మీకు చేరాలి.

పుష్పావతి.


చింతలపూడి,
15-4-1962.

పుష్పా,

సీసా అందింది.

అటకమీంచి కత్తి దింపి, ముక్కని సూదిమొనతో తీసి, పెచ్చు లేచినచోట పెట్టి చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు. చోటు నిండలేదు పుష్పా. సగానికి సగం వెలితి. మొదట ఇది మన కత్తిది కాదేమో అనుకున్నాను. తరవాత నీ ఉత్తరంలో డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. మిగతా సగం నీ కంట్లో కరిగిపోయింది. నేను కత్తి గురించి కార్డులు రాసుకుంటున్నన్నాళ్లూ అది కరుగుతూనే ఉంది.

మావారు అటువైపు వస్తున్నారు. కత్తిని గోనెలో చుట్టి ఆయన చేత పంపుతున్నాను. తిరిగి పంపకు. వాడుకుంటావో, పాతసామాన్లవాడికి వేస్తావో నీ ఇష్టం. మా అమ్మకి నేను చెప్పుకుంటాను.

వచ్చే నెల ఆవకాయకి నేను వస్తున్నాను. కాయలు నేను కొడతాను, నువ్వు దూరంగా పీటమీద కూర్చో. నా కంట్లో ఏం పడినా, కారం అనకుండా నిజం చెబుతాను.

బసవమ్మ.